కాపలా లేని నీళ్లకు రక్షణ పేరెందుకు?

2030 నాటికి సముద్రంలో 30 శాతాన్ని రక్షిత ప్రాంతం చేయాలని 2022లో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. ఇక చూడండి, ఎవరు నోరు విప్పినా చదరపు కిలోమీటర్లే. పటం మీద గీత గీస్తే చాలు, నగరం పక్కనైనా చేపలు వాటంతటవే పెరుగుతాయన్న ధీమా. పెరగవు. 2014లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా 87 రక్షిత ప్రాంతాలను పరిశీలించింది. వాటిలో 59 శాతం చోట్ల, వేట సాగే నీళ్లకూ రక్షిత నీళ్లకూ తేడాయే కనపడలేదు. వందకు యాభై తొమ్మిది! ఈ అంకెను మాత్రం ఎవరూ ఎత్తరు.

నగరం దగ్గరుంటే అంతేనని సర్దిచెప్పేవారూ ఉన్నారు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌కు గంటన్నర దూరంలో 1975లో ఏర్పడిన లీ సముద్ర రిజర్వు చూడండి. ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం ఐదు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. సెలవు రోజుల్లో జనమే జనం. కానీ గాలం కూడా వేయనివ్వరు. అలాంటి మూడు రిజర్వుల్లో పెద్ద స్నాపర్ చేపలు బయటికంటే 14 రెట్లు దట్టంగా ఉన్నాయని 2003లో తేల్చారు.

సముద్రం లేని నంద్యాలకు ఈ గొడవెందుకంటారా? మన జిల్లాలోనే శ్రీశైలం జలాశయం ఉంది. ఒడ్డున పులుల అభయారణ్యం. ఆ నీళ్లే పోతిరెడ్డిపాడు, వెలుగోడు దాటి తెలుగుగంగ కాలువలో ఆళ్లగడ్డ వైపు పారుతున్నాయి. ప్రభుత్వ ఖర్చుతో జలాశయంలో చేపపిల్లలను వదులుతారు. సంగమేశ్వరం వైపు వెనుక జలాల్లో దోమతెర లాంటి కళ్లున్న అలివి వలలు వేసి, బొచ్చె, రవ్వ పిల్లలను వేలెడైనా ఎదగకముందే ఊడ్చేస్తారు. గట్టున ఎండబెట్టి అమ్ముకుంటారు. నిషేధం ఉంది, కాగితం మీద. ఆ 59 శాతం అంటే ఏమిటో తెలుసుకోవడానికి విదేశాలకు పోనక్కర్లేదు, కొత్తపల్లె మండలం దాకా పోతే చాలు.

ఆ వలలు లాగే కూలీల పొట్ట కొట్టొద్దంటారు. నిజమే, కొట్టొద్దు. అయితే అలివి వల కొనే స్తోమత దాన్ని లాగే కూలీకి ఉందా? పెట్టుబడి దళారిది. అధికారుల దాడుల్లో వల కాలుతుంది, కూలీ పట్టుబడతాడు, దళారి ఇంకో వల కొంటాడు. మామూలు వలతో బతికే స్థానిక మత్స్యకారుడి పొట్ట మాటేమిటి మరి? అతని గురించి మాట్లాడే పెద్దమనిషి కనపడడు.

కొత్త రక్షిత జలాలు ప్రకటిస్తామంటే నాకు ఆవగింజంత ఉత్సాహం లేదు. ఉన్నవాటిని కాయలేనివాళ్లు ప్రకటిస్తే, ఆ 59 శాతంలో ఇంకోటి చేరుతుంది. మత్స్యశాఖ ఈసారి చేపపిల్లలు వదిలేటప్పుడు ఫొటోలు మానేసి ఒక పట్టిక విడుదల చేయాలి: ఏడాదిలో ఎన్ని అలివి వలలు పట్టారు, ఎందరు దళారులపై కేసు పెట్టారు, ఎందరికి శిక్ష పడింది. చివరి గడిలో సున్నా ఉంటే, దాని పక్కనే ఆ ఏడాది చేపపిల్లలకు పెట్టిన ఖర్చు కూడా రాయాలి.