కాల సద్వినియోగము

సెలవుదినమున ప్రొద్దు గ్రుంకువేళ ఇంటి పెద్దలు పిల్లల నడుగు ప్రశ్న యొకటి కలదు: “ఈ దినమెల్ల ఏమి చేసితివి?” పది లెక్కలు చేసితినన్నచో మెప్పు లభించును. సాలెవాని మగ్గముకడ కూర్చుండి నేత చూచితినన్నచో చీవాట్లు తప్పవు. ప్రశ్న మంచిదే. కాని సాయంకాలమునకు చేతికి వచ్చిన ఫలమును బట్టియే దినమును తూచుట న్యాయము కాదు.

గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా తెలుగువారికి సుపరిచితులు. సవర భాషకై ఆయన వెచ్చించిన కాలమును గూర్చి యెఱిగినవారు తక్కువ. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషకు ఆనాడు లిపి లేదు, పుస్తకము లేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆయన ఒక్కొక్క మాటయే నేర్చుకొనెను. కొండలకు పోయి, విని, వ్రాసికొనెను. ఇది ఆయన ఉద్యోగధర్మము కాదు. చేయుమని ఆజ్ఞాపించినవారును లేరు. సవర పిల్లలకై పుస్తకములు వ్రాసెను, తన సొమ్ముతో బడులు నడపెను. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. నిఘంటువు వెలువడునాటికి ఆయన డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు.

ఇందులకు ఆయన చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. మన్నెములో తిరుగుటచే చలిజ్వరము పట్టుకొనెను. దానికి వాడిన క్వినైనువలన చెవుడు వచ్చెను. ఒక భాషను వినుటయే పనిగా పెట్టుకొన్నవాడు వినికిడినే కోల్పోయెను! ఇంత నష్టమునకు తగిన పనియేనా యని సందేహించువారు ఉండవచ్చును. ఆ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను చెవుడు వచ్చిన పిమ్మటను ఆయన ఆ పని మానలేదు. తన కాలమును గూర్చిన తీర్పును ఆయనయే చెప్పుకొనెను.

ఊరక తిరుగుట యంతయు మంచిదని దీని భావము కాదు. మగ్గముకడ కూర్చున్న పిల్లవాడు నాడె పరుగును, పడుగు పేకల కలయికను మనసు పెట్టి చూచెనా, లేక ప్రొద్దు పుచ్చెనా? పెద్దలు అడుగవలసిన రెండవ ప్రశ్న యిది. గడియారము ఈ రెంటికిని ఒకే లెక్క చూపును.

పర్లాకిమిడిలో ఆ పంతులుగారు సవరతో కూర్చుండి గడపిన తొలి దినములలో ఎవరైన వచ్చి, “ఈ దినమెల్ల ఏమి చేసితిరి?” అని ప్రశ్నించి యుండినచో, రెండు మాటలు నేర్చుకొంటినని చెప్పుటకు మించి ఆయన కడ సమాధానము ఉండెడిది కాదు.