కుక్కకు వేయు పచ్చిమాంసము

ఆదివారము ఉదయమున మాంసపు దుకాణములకడ కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియక మానదు. కొనువారు తొడమాంసమును, ప్రక్కటెముకలను, మంచి కార్జమును ఏరి తీసికొని పోవుదురు. ఊపిరితిత్తిలోగాని కార్జములోగాని తెల్లని నీటిబుడగలు కన్పట్టినచో దానిని ఎవ్వరును కొనరు. కసాయి ఆ ముక్కను కోసి మొద్దుక్రిందికి విసరును. అక్కడ కాచుకొనియున్న కుక్కలు దానిని నేల తాకనీయకయే అందుకొనును. ఇంట కుక్కను పెంచువారు కొందరు “మా కుక్కకు కొంచెము వేయవయ్యా” అని అడిగి, ఆ పారవేయు ముక్కలనే పొట్లము కట్టించుకొని పోవుదురు. మనుష్యులకు పనికిరానిది కుక్కకు పనికివచ్చునను నమ్మకము మన యిండ్లలో అంత గట్టిది. మన పిల్లల ఆరోగ్యమునకు కీడు కలిగించు అలవాట్లలో ఇది యొకటియని మా అభిప్రాయము. దీనిని మాన్పుటకు ప్రభుత్వపు ఉత్తరువుకంటె ఇంటిలోని మాట ఎక్కువ పనిచేయును.

మాంసము కుక్కకు కూడదని మేము చెప్పుటలేదు. మాంసమన్న దానికి ప్రీతి. మాంసకృత్తులు దానికి ఎంతయు అవసరము. పెరుగన్నముతోనే జీవితమంతయు గడపు కుక్కలను చూచి మేము జాలిపడుటయు కలదు. మా ఆక్షేపణ ‘పచ్చి’ అను మాటమీదనే. అందులోను ముఖ్యముగా పచ్చి కార్జము, పచ్చి ఊపిరితిత్తి అను రెంటిమీద.

ఆ నీటిబుడగ యేమి? గొర్రె, మేక, ఎద్దు, గేదె, పంది మున్నగు జంతువుల లోపలి అవయవములలో పెరుగు ఒక బద్దెపురుగు పిల్లలకు అది ఇల్లు. ఆ పురుగును శాస్త్రజ్ఞులు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనియు, అది కలిగించు రోగమును హైడాటిడ్ వ్యాధి అనియు అందురు. బుడగలోని నీటియందు ఇసుక రేణువులవంటి పురుగుతలలు పెక్కు ఉండును. కుక్క ఆ బుడగను పచ్చిగా మ్రింగినప్పుడు ఆ తలలు దాని ప్రేగుగోడను కరచుకొని పురుగులై పెరుగును. పెరిగిన పురుగు నిడివి 7 మిల్లీమీటర్లు మించదు. అనగా ఒక బియ్యపుగింజపాటి. ఆరేడు వారములలో అది గ్రుడ్లు విడువ నారంభించును. కంటికి కానరాని ఆ గ్రుడ్లు కుక్క మలముతో వెలువడి మట్టిలోను, గడ్డిలోను, ఆకుకూరల మళ్ళలోను చేరును. కొన్ని దాని బొచ్చునకు అంటుకొని, అది ఒడలు నాకికొనునప్పుడు మూతికిని వీపునకును ప్రాకును. చల్లని తడినేలయందు అవి నెలల తరబడి చెడక యుండును. గడ్డితోపాటు వానిని మేసిన గొర్రె కడుపులో మరల బుడగ పుట్టును. ఆ గొర్రెను కోసినప్పుడు ఆ బుడగ మరల కుక్కకే పోవును.

ఈ త్రిప్పటలో మనుష్యునికి చోటు లేదు. కాని త్రోవలో అతడు చిక్కుకొనును. అందులోను పిల్లవాడు ముందుగా చిక్కుకొనును. కుక్కను కౌగిలించుకొనువాడు వాడు, అది ముఖము నాకిన నవ్వువాడు వాడు, వాకిట మట్టిలో ఆడి చేయి కడుగకయే తినుబండారము నోట వేసికొనువాడును వాడే. వాని కడుపులో చేరిన గ్రుడ్డు పగిలి, పురుగుపిల్ల రక్తముతో ప్రయాణముచేసి తరచుగా కార్జములో, కొన్నిసార్లు ఊపిరితిత్తిలో, అరుదుగా మెదడులో నిలుచును. అక్కడ బుడగ ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. రెండవ తరగతిలో సోకినది పదవ తరగతి దాటిన పిదపగాని తెలియకపోవచ్చును. అప్పుడు కుడిప్రక్క డొక్కలో బరువు, నొప్పి, లేక విడువని దగ్గు కనిపించును. బుడగ లోపల పగిలినచో ప్రాణాపాయము. నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలు మ్రింగుట, చాలమందికి శస్త్రచికిత్స, ఇవియే దీనికి మార్గములు. ఎప్పుడో ఎవరో వేసిన ఊపిరితిత్తి ముక్కకును ఈ నొప్పికిని సంబంధము కలదని ఆ నాటికి ఎవరికి తోచును?

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. బుడగలున్న మాంసము తినుటవలన మనుష్యునికి ఈ రోగము రాదు. కుక్కనుండి వెలువడిన గ్రుడ్డువలననే వచ్చును. కావున కసాయి మనకు అమ్మక పారవేసిన ఆ ముక్క, మన పళ్ళెములోనికి వచ్చినదానికంటె కుక్కనోటికి పోయినప్పుడే మనకు ఎక్కువ అపాయకరము. పైగా పురుగులున్న కుక్క చిక్కిపోదు, దగ్గదు, తిండి మానదు. నిగనిగలాడుచు తోక నాడించుచునేయుండును. “మా కుక్క కెప్పుడును జబ్బు చేయలేదు” అనుమాట ఈ విషయమున సాక్ష్యము కానేరదు.

గొర్రెల మందలు గలవారికి మరియొక మాట. గొర్రె ఒక ప్రక్కకే గిరగిర తిరిగి, మంద విడిచి, మేత మాని చచ్చుటను వారు ఎరుగుదురు. పెక్కుసార్లు దానికి కారణము మెదడులో పెరిగిన నీటిబుడగయే. అది వేరొక బద్దెపురుగుది. చచ్చిన గొర్రె తలను పగులగొట్టి మందకుక్కకు వేయుదురు. ఆ పురుగు గ్రుడ్లను కుక్క మరల ఆ మంద మేయు బీడుమీదనే విడుచును. గాలి సోకినదనియు దిష్టి తగిలినదనియు తాయెత్తు కట్టుటకంటె ఆ తలను పూడ్చిపెట్టుట మేలు.

ఈ మధ్య బెంగుళూరు వైపునుండి మన హోసూరు ప్రాంతమునకు వేరొక వాదము వచ్చి చేరినది. ఇది కసాయి మొద్దుక్రింది అలవాటు కాదు, చదువుకొన్నవారి వాదము. కుక్క తోడేలు సంతతి గనుక వండిన తిండి దానికి ప్రకృతివిరుద్ధమనియు, పచ్చిమాంసమును పచ్చి యెముకలను పెట్టుటయే ధర్మమనియు వారందురు. ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ అను ఆస్ట్రేలియా పశువైద్యుడు 1993లో ప్రకటించిన గ్రంథము ఈ వాదమునకు గొప్ప ప్రచారము కలిగించెను. దీనిని మేము నవ్వి త్రోసిపుచ్చము. సంచులలో వచ్చు ఎండుతిండినే గ్రుడ్డిగా నమ్మరాదను మాటలో న్యాయము కలదు. కాని తోడేలు పోలిక పూర్తిగా నిలువదు. స్వీడను దేశపు పరిశోధకులు 2013లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ననుసరించి, గంజిపదార్థమును జీర్ణింపజేయు జన్యువు తోడేలులో రెండు ప్రతులే యుండగా కుక్కలో నాలుగు మొదలు ముప్పది వరకును కలవు. మనుష్యుని ముంగిట వేల యేండ్లు కాచుకొని కూర్చుండి, వాని కూటిలో పాలుగొన్న జంతువునకు కడుపును మారినది. మన సంగటి ముద్ద దానికి పరాయిది కాదు.

పచ్చిమాంసములో పురుగొక్కటియే కాదు, సూక్ష్మజీవుల బెడదయు కలదు. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖవారు 2010 మొదలు 2012 వరకు పెంపుడు జంతువులకై అమ్ము పచ్చి ఆహారపు మాదిరులను 196 పరీక్షింపగా, 15 మాదిరులలో సాల్మొనెల్లాయు, 32 మాదిరులలో లిస్టీరియాయు బయటపడెను. అవి కర్మాగారములలో సిద్ధముచేసి అమ్మిన పొట్లములు. ఎండలో ఈగల నడుమ వ్రేలాడు మన మాంసపు మాట చెప్పనేల? కుక్క వానిని ఓర్చుకొనవచ్చును. దాని గిన్నె కడిగిన చేతితోనే అన్నము వడ్డించు తల్లియు, నేలమీద ప్రాకు బిడ్డయు ఓర్చుకొనలేరు. శీతలపెట్టెలో పెట్టితిమి గదా యని కొందరు ధైర్యపడుదురు. మామూలు శీతలపెట్టె చలికి ఆ బుడగలోని జీవము చావదు. గడ్డకట్టించినను పెక్కు సూక్ష్మజీవులు బ్రతికియే యుండును.

ఎముకల విషయమున పచ్చివాదులు చెప్పుదానిలో సగము నిజము. వండిన ఎముక, అందులోను కోడియెముక, పెళుసై సూదులవలె విరిగి గొంతునకును ప్రేగునకును గ్రుచ్చుకొనును. పచ్చియెముక అంతగా పెళుసుకాదు. అయినను దానివలన పండ్లు విరుగుటయు, ముక్క ప్రేగులో అడ్డుపడుటయు కద్దు. ఉట్టి మాంసముమీద పెరుగు కుక్కపిల్లకు సున్నము చాలక ఎముకలు వంగునను మాటయు నిజమే. ఏలయన, మాంసములో భాస్వరము ఎక్కువ, సున్నము మిక్కిలి తక్కువ. కాని దానికి మందు పచ్చియెముక యొక్కటియే కాదు. మనము నిత్యము తిను రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. పెద్దజాతి కుక్కపిల్లలకు అదియును చాలకపోవచ్చును గనుక పశువైద్యుని అడుగుట మంచిది.

కావలికుక్కకు పచ్చిమాంసము పెట్టినగాని రోషము రాదనియు, పెట్టినచో పిచ్చియెత్తుననియు రెండు మాటలు మన పల్లెలలో ఒకే నోట వినవచ్చును. రెండును నిలువవు. కుక్క స్వభావము దాని పుట్టుకనుబట్టియు పెంపకమునుబట్టియు ఏర్పడును. పిచ్చి అనునది వ్యాధి సోకిన జంతువు కాటువలన వచ్చు రోగము. దానికి టీకా కలదు.

ఇదంతయు మాన్పదగినదేనా యని అడుగువారికి ఐస్లాండ్ ద్వీపపు చరిత్ర సమాధానము చెప్పును. గొర్రెలును కుక్కలును విస్తారముగా గల ఆ చలిదేశమున నూటయేబది యేండ్లకు పూర్వము ఈ బుడగరోగము జనులను మిక్కిలి పీడించెను. హెరాల్డ్ క్రాబె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు 1863లో అక్కడికి పోయి నూరు కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో ఈ పురుగు కనిపించెను. మరుసటి యేట ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును ఆ దేశభాషలో అచ్చువేయించి ఇంటింటికి ఉచితముగా పంచిరి. ఇంట చదువు నేర్చుకొను ఆచారము గల ఆ జనులు దానిని చదివిరి. ప్రభుత్వము 1869లో కుక్కలనుగూర్చి ఒక శాసనమును, 1890లో బుడగలున్న అవయవములను కుక్కలకు అందనీయక నాశనము చేయవలెనని మరియొక శాసనమును చేసెను. అటుపిమ్మట పుట్టిన తరములలో ఆ రోగము అరుదై, క్రమముగా అంతరించెను. న్యూజిలాండులోను 1959నాటి శాసనముతో పని పట్టుదలగా సాగి, 2002లో ఆ దేశము ఈ రోగమునుండి తాత్కాలికముగా విముక్తమైనదని ప్రకటింపబడెను.

ఐస్లాండువారి కథలో మమ్ము ఆకర్షించునది శాసనముకంటె ఆ చిన్న పుస్తకము. మన ప్రాంతమున పశువైద్యశాల గోడమీది ప్రకటన తమిళమున ఉండును. మందుపెట్టె మీది అక్షరములు ఇంగ్లీషున ఉండును. అందులో తప్పులేదు. కాని తమిళము నేర్చినది పిల్లలు. కుక్కకు మాంసము వేయునది అవ్వయు తాతయు. హోసూరు, డెంకణికోట, బాగలూరు పల్లెలలోని తెలుగు ముసలివారికి ఈ సంగతి వారి మాటలలో చెప్పగలవారు మన పాఠశాలల విద్యార్థులే. విద్యార్థులారా, ఈ పుటను ఇంట ఒకమారు గట్టిగా చదివి వినిపింపుడు. పెద్దలకు బోధించుట అవినయమని సంకోచింపవలదు. పురుగు పేరు నోరు తిరుగకున్న విడిచిపెట్టుడు. “నీళ్ళబుడగ ముక్క కుక్కకు వేయవద్దు అవ్వా” అనిన చాలును.

ఇక వేయవలసిన విధము. కార్జమైనను ఊపిరితిత్తియైనను చిన్న ముక్కలుగా కోసి, నీరు తెరలునట్లు అరగంట ఉడికించినచో బుడగలోని జీవము చచ్చును. బుడగలు కనిపించినదానిని ఉడికించియు పెట్టక పూడ్చుటయే మంచిది. కుక్కకు వండునప్పుడు ఉల్లి, వెల్లుల్లి వేయరాదు. అవి దాని రక్తమును చెరచును. ఎముకలను కాచిన రసమును సంగటిలో కలిపి పెట్టి, ఎముకలను తీసివేయవలెను. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ అను మాత్ర కలదు. కుక్క బరువునుబట్టి ఎంత, ఎన్నాళ్ళకొకసారి యని పశువైద్యుడు చెప్పును. మాత్ర వేసిన దినములలో దాని మలమును ఎత్తి పూడ్చవలెను. కుక్కను తాకిన చేతిని సబ్బుతో కడుగుకొనుటయు, పచ్చిగా తిను ఆకుకూరలను బాగుగా కడుగుటయు ఎప్పటికిని కావలసినవే.

అన్నిటికంటె చిక్కు జాతర దినము. పట్టణపు కబేళాలో పశువైద్యుని పరీక్ష యుండును; మారెమ్మ జాతరలో ఇంటింట మేక తెగునప్పుడు పరీక్షించువాడు లేడు. ఆ ఒక్క పూటలో ఊరికుక్కలకు దొరకునంత పచ్చికార్జము సంవత్సరమంతయు దొరకదు. ఊరి పెద్దలు చెరువుగట్టునకును నీళ్ళబావికిని దూరముగా ఒక గోయి త్రవ్వింపవలెను. నడుములోతు ఉండవలెను, పూడ్చిన పిదప పైన రాళ్ళు పరువవలెను, లేనిచో కుక్కలు ఆ రాత్రియే త్రవ్వును. పారవేయు ముక్కలను అందులో వేయించుటకు ప్రతి వీధికి ఒక మనిషిని ముందుగనే నియమింపవలెను. గోయి ముందుదినమే సిద్ధము కావలెను. కోతలు మొదలైన పిదప పారకై వెదకు తీరిక ఎవ్వరికిని ఉండదు.