గుఱి పిస్తోలు

మా పట్టణమున గడియారస్తంభమునకు ఎదుటి సందులో పాత తుపాకుల అంగడి యొకటి కలదు. అడవిపందుల బాధ పడలేని రైతులు తూటాలు కొనుటకును, బ్యాంకు కాపలాదారులు తమ జంటగొట్టపు తుపాకులను బాగుచేయించుకొనుటకును తప్ప, సామాన్య గృహస్థుడు దాని మెట్లెక్కుట అరుదు. గడచిన శ్రావణమాసమున ఆ యంగడిలో మా మిత్రులొకరు, ఉన్నత పాఠశాలయందు చిత్రలేఖనోపాధ్యాయులు, పదేండ్లకు పైగా తాము కోరుచుండిన వస్తువును కనుగొని, కొని, ఇంటికి తెచ్చుకొనిరి. అది గుఱి పిస్తోలు. ఒక పంతులుగారు తమ సొమ్ముతో నొక వస్తువు కొనుక్కొనుట సంపాదకీయమునకు తగిన విషయమా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మేమును మొదట నట్లే తలచితిమి. వృత్తాంతమంతయు విన్న పిమ్మట మా యభిప్రాయము మారినది.

పిస్తోలను మాట వినబడగానే మనవారికి చలనచిత్రములలోని దుండగుడు కన్నులకు గట్టును. గుఱి పిస్తోలు అట్టిది గాదు. పది మీటర్ల పందెమునకు వాడు పిస్తోలునందు మందుగుండు లేదు. గాలి యొత్తిడియే నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండును ముందునకు నెట్టును. ఆటగాడు ఒంటిచేతితో, మోచేతికి మణికట్టునకు ఏ యాధారమును లేక, నిలువబడి కాల్చవలెను. పదింటికి పది గుణములు తెచ్చు నడిమి వృత్తపు వెడల్పు పదకొండున్నర మిల్లీమీటర్లు, అనగా మన రూపాయి బిళ్లలో ఇంచుమించు సగము. డెబ్బదియైదు నిమిషములలో అఱువది గుండ్లు. ఈ పందెమున గెలుచువాడు బలవంతుడు గాడు, కోపిష్ఠి యంతకన్న గాడు. తన యూపిరిని, తన చేతివణకును తానెఱిగినవాడు. పత్రికాకార్యాలయమున కూర్చుండి ఇతరుల తప్పులెన్ను మావంటివారికి ఈ క్రీడ యెన్నటికిని పట్టుబడదని మా మిత్రులు నవ్వుచు ననిరి. కాదనలేకపోయితిమి.

2012 సంవత్సరపు లండను ఒలింపిక్సులో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ పది మీటర్ల గాలి రైఫిలునందు కాంస్యమును, విజయ్ కుమార్ ఇరువదియైదు మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలునందు రజతమును తెచ్చిరి. పంతులుగారి కోరిక ఆ వారముననే పుట్టినది. కుంచె పట్టిన చేతికి పిస్తోలు పట్టుట రాకపోవునా యని వారి యూహ. అయితే వస్తువు దొరకవలెను గదా! జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు, ఇటలీ దేశములలో చేయు పందెపు పిస్తోళ్లు కొత్తవైనచో లక్షరూపాయలకు మించును. నెలజీతముపై ఇల్లు గడుపు నుపాధ్యాయునకు అది బిడ్డ యొక్క యేటి చదువు. పైగా చూడక, పట్టక, పిడి తన యరచేతికి సరిపోవునో లేదో తెలియక, దూరపు పట్టణమునకు పైకము పంపి తెప్పించుకొనవలెను. చెప్పులు కొనునప్పుడైనను కాలు పెట్టి చూతుమే! ఏకలవ్యునకు గురువు లేడు గాని విల్లు కలదు. ఈ కాలపు పిల్లలకు గురువులు చేతిలోని ఫోనునందు వందలకొలది కలరు. విల్లు లేదు.

విల్లు లేకపోవుటకు కొంత చరిత్ర కలదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున చేసిన ఆయుధ శాసనము ఈ దేశస్థుడు లైసెన్సు లేక ఆయుధము ధరింపరాదని నిర్బంధించి, తెల్లవారికి మాత్రము మినహాయింపు నొసంగెను. శాసనముకన్న ఆ మినహాయింపే మన పెద్దలకు ఎక్కువ అవమానముగా తోచినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులనే పట్టుకొనిపోవుట మన ప్రాంతమువారు మఱచినది గాదు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కు కూడ నొకటి. స్వతంత్ర భారత రాజ్యాంగమున అది చేరలేదు. చేరకపోవుటయే మేలని మా తలంపు. ఇతర దేశములలో ఇంటింట తుపాకి యున్నందున బడిపిల్లలు పడుచున్న పాట్లు వినుచునే యున్నాము. 1878 నాటి శాసనము పోయి 1959 నాటి చట్టము వచ్చెను. అది 1962 అక్టోబరు మొదటి తేదినుండి అమలు జరిగినది. 1980ల నడుమ విదేశపు తుపాకుల వాణిజ్యపు దిగుమతియు నిలిచెను. పేరుపొందిన క్రీడాకారులకు దారి తెఱచియే యున్నది. ఇంకను పేరు పొందనివాని సంగతియే చిక్కు. గుఱి కుదిరినగాని పేరు రాదు. పేరు వచ్చినగాని పిస్తోలు రాదు.

గాలి పిస్తోలునకు ఇంత బాధ యుండనక్కఱలేదు. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము గొట్టపు కొలత .177 అంగుళమునకు మించక, గుండు వెడలు శక్తి ఇరువది జౌళ్లకు లోబడియున్న గాలి తుపాకులకు లైసెన్సు అక్కఱలేదు. పది మీటర్ల పందెపు పిస్తోలు శక్తి ఐదాఱు జౌళ్లు మాత్రమే. ఈ నియమము మన పట్టణములలో ఎందఱకు తెలియును? మా మిత్రులకు తెలియుటకు నాలుగేండ్లు పట్టినదట. అంతవఱకు వారు కలెక్టరు కచ్చేరి గుమాస్తాలను అడుగుచు, ఒక్కొక్కరొక్కొక్క విధముగా చెప్పగా విని, ఇంటికి పోవుచుండిరి.

ఇక నంగడి సంగతి. ఆ దినమున పంతులుగారు వెళ్లినది గొడుగు బాగుచేయించుకొనుటకు. గొడుగువాడు ఆ యంగడి యరుగుమీద కూర్చుండువాడు. వాన పడుచుండుటచే లోనికి జరిగి నిలిచిరి. అద్దాల బీరువాలో తూటాల పెట్టెల వెనుక, దుమ్ముపట్టిన గుడ్డపై, పెద్ద చెక్కపిడి గల నల్లని పిస్తోలొకటి వారి కంటబడినది. ఎన్నియో రాత్రులు ఫోనులో బొమ్మగా చూచినదే. జర్మనీలో నెక్కారు నదీతీరమునందలి ఓబర్న్‌డార్ఫ్ పట్టణమున ఫైన్‌వెర్క్‌బౌ వారు 1965లో చేయ నారంభించిన 65వ నమూనా. "గుండె కొట్టుకొనుట నాకే వినబడినది" అని వారు మాతో చెప్పిరి.

అంగడి యజమాని వయసు మళ్లిన సాయిబుగారు. "పంతులుగారూ, అది పిట్టలు కొట్టేది కాదండీ, మీకెందుకూ?" అని ఆయన మొదటి మాట. తమకు కావలసినది అదియేనని పంతులుగారు చెప్పగా ఆశ్చర్యపడి, బీరువా తాళము తీసి, తుడిచి, చేతి కందిచ్చెను. ఆ పట్టణముననే యొక వకీలుగారు పూర్వము దానిని ముచ్చటపడి తెప్పించుకొనిరట. వారు దివంగతులైన పిదప కుమారులు అమ్మజూపి అంగడిలో పెట్టిపోయిరి. ఆఱేండ్లుగా అడిగినవాడు లేడు. అడిగిన ఒకరిద్దఱును పిస్తోలనగా భయపడియో, ధర విని నవ్వియో పోయిరి.

ఆ యంత్రము పనితన మొకింత చెప్పదగియున్నది. ప్రక్కనున్న మీటను వెనుకకు లాగినచో లోపలి స్ప్రింగు ముడుచుకొనును. గొట్టపు మూలము తెఱచుకొనును. గుండు పెట్టి మీట మూయవలెను. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు విడివడును. అప్పుడు కలుగు తోపుడు చేతికి తగులకుండ గొట్టముతో కూడ పైభాగమంతయు పట్టాలపై వెనుకకు జరుగును. చేయి కదలదు. పది మీటర్ల గాలి పిస్తోలు పందెము ఒలింపిక్సులో చేరినది 1988 సియోలునందు. ఈ నమూనా అంతకు ఇరువదిమూడేండ్లు ముందుదే. నేటి పిస్తోళ్లు స్ప్రింగు విడిచి, గొట్టములో ముందే నింపిన గాలితో పనిచేయును గనుక పెద్ద పందెములలో దీనికి చోటు లేదు. నేర్చుకొనువానికి మాత్రము ఇప్పటికిని మంచి గురువే. గాలి నింపు పంపు గాని, సిలిండరు గాని అక్కఱలేదు.

ధర నలుబదియైదు వేలన్నారు. పంతులుగారు గోరు గీటి, పిడి పగులు చూపి, మరల వత్తునని మెట్లు దిగిరి. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడవనాడు ముప్పదియెనిమిది వేలకు బేరము కుదిరినది. అందు పదివేలు భార్యగారి చీటీ సొమ్ము. ఆ సంగతి వ్రాయుటకు మాకు ఆమె యనుమతియు కలదు. సాయిబుగారు గుర్తింపు పత్రపు నకలు తీసికొని, పద్దులో వ్రాసికొని, పాత గుండ్ల డబ్బా నొకటి ఊరక యిచ్చి, "మా నాన్న ఉంటే ఇంకా సంతోషించేవాడండీ, ఆయనకు ఇలాంటి గిరాకీ అంటే ప్రాణం" అనిరట.

గొట్టపు మూలమున గాలి జారకుండ నుంచు వాషరు ఎండి పొడియైయుండెను. జర్మనీనుండి తెప్పించిన నెల పట్టును. మా పట్టణపు లేతు పనివాడు పంపుసెట్టు వాషరు నొకటి కోసి, మూడవ ప్రయత్నమున సరిగా కుదిర్చెను. జర్మనుల యరచేతి కొలత పిడిని వడ్రంగి ఆకురాయితో అరగదీసి పంతులుగారి చేతికి అమర్చెను. ఇద్దఱును కూలి తీసికొనక, ఒక్కొక్క గుండు కాల్చి చూతుమనిరి. లేతు పనివాని రెండవ గుండే ఎనిమిదవ వలయమున పడినది. ఇన్నేండ్లుగా ఆ కన్ను ఏ పనికి వచ్చుచున్నదో యని మేము విచారించితిమి. ఇట్టి కన్నులు మన జిల్లాలలో నెన్ని కలవో!

పిమ్మట జరిగినది సంతోషకరము గాదు. పంతులుగారు పొరుగు పట్టణపు మిత్రునకు చూపుటకై పిస్తోలును పెట్టెలో నుంచి, తాళము వేసి, రసీదు జేబులో పెట్టుకొని బస్సెక్కిరి. తనిఖీ జరిగెను. పెట్టె తెఱచి చూపగానే వారిని దింపి, ఒక ఠాణాలో మూడుగంటలు కూర్చుండబెట్టిరి. నియమముల ప్రతి చూపినను చదువువారు లేరు. చివరకు పైయధికారి యొకరు వచ్చి, విషయము గ్రహించి, మర్యాదగా పంపివేసిరి. ఆ మూడుగంటలలో వారి పూర్వ విద్యార్థులు ఇద్దఱు ఆ దారిని పోవుచు, తమ పంతులుగారు బల్లపై కూర్చుండుట చూచిరి. పోలీసువారు పిస్తోలును చూచి అనుమానించుట తప్పు గాదు. అది వారి ధర్మము. తమ చట్టమును తామెఱుగకుండుట ధర్మము గాదు. ఆ నియమపు ముద్రితప్రతి నొక్కటి తెలుగున వ్రాయించి ప్రతి ఠాణా గోడకు అంటించుటకు ఎంత వ్యయమగును?

ఇచ్చట మా మిత్రులకును, వారిని చూచి ఉబలాటపడువారికిని ఒక మాట చెప్పవలసియున్నది. ఐదు జౌళ్ల గుండు ప్రాణము తీయుట అరుదైనను కన్ను పోగొట్టుటకు చాలును. లైసెన్సు అక్కఱలేని వస్తువు బొమ్మ కాదు. పిల్లలున్న యింట అది తాళములోనే యుండవలెను. గుఱి వెనుక గుండు నాపు ఇనుప పెట్టె లేక ఎవ్వరును కాల్చరాదు. పిట్టలపై, వీథికుక్కలపై గుఱిచూచువానికి ఆ వస్తువు నమ్మిన యంగడివానిని మేము క్షమింపజాలము. సాయిబుగారు "పిట్టలు కొట్టేది కాదు" అని మొదటనే యనుట మాకు మిక్కిలి నచ్చినది.

హైదరాబాదులో 2002 జాతీయ క్రీడలు జరిగినవి. ఆ నగరపు బాలిక ఈషా సింగ్ 2018లో పదమూడేండ్ల ప్రాయమున గాలి పిస్తోలు జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు తెచ్చెను. హర్యానా బాలిక మనూ భాకర్ 2021 టోక్యోలో పందెము నడుమ పిస్తోలు మీట విఱిగి, విలువైన నిమిషములు పోగొట్టుకొని, ఫైనలుకు స్వల్పపు తేడాతో తప్పిపోయెను. 2024 పారిసులో అదే పందెమున కాంస్యము, సరబ్‌జోత్ సింగుతో కూడ మిశ్రమ పందెమున మఱియొక కాంస్యము తెచ్చెను. ఈ గెలుపుల నాడు మనము మిఠాయిలు పంచుకొంటిమి. వారి తల్లిదండ్రులు పడిన వ్యయప్రయాసలను పంచుకొన్నవారు అరుదు. నగరమున శిక్షణాలయము కలదు, తునిలోనో, ఖమ్మములోనో, ప్రొద్దుటూరులోనో పుట్టిన బిడ్డకు పిస్తోలును ఒక్కసారి చేతబట్టి చూచు తావు కూడ లేదు. తాకి చూడని వస్తువును బిడ్డ యెట్లు కోరును?

పది మీటర్లనగా ముప్పదిమూడడుగులు. ఈ పత్రిక చదువబడుచున్న పఠనాలయపు సావడి యనేక చోట్ల అంతకన్న పొడవే. జిల్లా క్రీడాధికారులు ఒక్కొక్క పట్టణమునకు నాలుగు గాలి పిస్తోళ్లు, రెండు ఇనుప పెట్టెలు, తాళము గల బీరువా యొకటి యిచ్చి, బడి వేళలు ముగిసిన పిదప పెద్దల కనుసన్నల నేర్పించినచో వ్యయము ఒక సన్మానసభ పందిరికి మించదు. పురపాలక సంఘమువారు నిరుపయోగముగా మూసియుంచిన గోదామును అడిగి చూడుడని పంతులుగారికి మేము సలహా యిచ్చితిమి. వారు అర్జీ వ్రాసిరి. దానిపై లేతు పనివాడును వడ్రంగియు చేవ్రాలు చేసిరి. అర్జీ చేరి రెండు నెలలైనది. జవాబు రాలేదు. రాగానే, అనుకూలమైనను ప్రతికూలమైనను, ఈ పుటయందే ప్రకటింతుము.

అంతవఱకు పంతులుగారు ఆదివారపు ఉదయమున తమ పెరటిలో, ఇటుకగోడకు ముందు ఇనుప పెట్టె నిలిపి, అఱువది గుండ్లు కాల్చుచున్నారు. మొన్నటి కాగితము మాకు చూపిరి. అఱువదింటికి పదునొకండు మాత్రమే నడిమి వృత్తమున పడినవి. వకీలుగారి పెట్టెలో రెండవ పిస్తోలొకటి కూడ నుండెననియు, వెనుక సైటు పోయినందున సాయిబుగారు దానిని బీరువా క్రింది అఱలో దాచియుంచిరనియు వినికిడి. కావలసినవారు గడియారస్తంభపు సందున విచారింపవచ్చును.