సామ్రాజ్యముల పతనమునకు ఒక్కటే కారణమా?

ఈ సంవత్సరము మా ఏడవ తరగతి పిల్లలకు, కాకతీయ రాజ్యము పడిపోవుటకు కారణమేమని పరీక్షలో ఒక ప్రశ్న నిచ్చితిని. ఇద్దరు ముగ్గురు తప్ప తక్కినవారందరును ఒకే వాక్యము వ్రాసిరి: “తరువాతి రాజులు అసమర్థు లగుటచే రాజ్యము క్షీణించెను.” విజయనగరమును గూర్చి యడిగినపుడును ఇదే వాక్యము. గోలకొండను గూర్చి యడిగినను ఇదే. కాగితములు దిద్దుచు వారిపై కోపము తెచ్చుకొనబోయి యాగితిని. ఏలయన, ఆ వాక్యమును చెప్పి వ్రాయించినవాడను నేనే. శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొన్న పాఠప్రణాళికలో ఉదయము, ఉన్నతదశ, పతనము అని మూడు గడులుండెడివి. మూడవ గడిని నింపుట కింతకంటె సులభమైన మాట దొరకదు. ఇరువదేండ్లు అట్లే నింపితిని.

ఇప్పుడు ఆ వాక్యమును ప్రతాపరుద్రుని యెదుట నిలిపి చూడుడు. ఆయన 1289 మొదలు 1323 వరకు ఓరుగల్లు నేలెను. 1303లో ఢిల్లీసేన వచ్చి యోడి మరలిపోయెను. 1310లో మాలిక్ కాఫూరు కోటను ముట్టడింపగా కప్పము కట్టి రాజ్యమును నిలుపుకొనెను. 1316లో ఆయన సేనాని ముప్పిడి నాయకుడు దూరమున నున్న కంచిని గెలిచెను. 1318లో కప్పముకై ఢిల్లీసేన మరల వచ్చెను. పిమ్మట ఉలుఘ్ ఖాను నెలల తరబడి కోటను ముట్టడించి, ఢిల్లీలో సుల్తాను మరణించెనను వదంతి పుట్టి సేన చెదరగా, దేవగిరికి వెనుదీసెను. అతడే 1323లో క్రొత్త సేనతో తిరిగివచ్చినపుడు కోట పడినది. ఇరువదేండ్లలో అయిదు దండయాత్రల నెదుర్కొన్న వానిని అసమర్థుడని మన పిల్లలు ఒక్క పంక్తిలో తేల్చివేయుట న్యాయమా? బందీగా ఢిల్లీకి గొనిపోబడుచు ఆయన నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఓడినవారి పక్షమున వ్రాయబడిన శాసన మది, కనుక దాని ప్రతిమాటను తూచి చదువవలెను. అయినను, రైతులు తాము పండించిన పంటను తామే అనుభవింపలేకపోయిరని అది చెప్పినచోట నేను ఆగిపోవుదును. పతనమనగా ఎవరికి పతనమో అచ్చట తెలియుచున్నది.

అట్లయిన రాజ్యము పడిపోవుటకు కారణమేమి? నా అభిప్రాయమున, అది దేనివలన పెరిగినదో దానిలోనే కొంత కారణము కలదు. రుద్రమదేవి కాలమున పెద్ద సామంతులలో కొందరు ఎదురు తిరిగిరి. అంబదేవునితోడి పోరులోనే ఆమె మరణించినట్లు 1289 నాటి చందుపట్ల శాసనమువలన చరిత్రకారులు గ్రహించుచున్నారు. అందుచేత ఆమెయు, ఆమె దౌహిత్రుడగు ప్రతాపరుద్రుడును వంశగౌరవము చూడక, పని చూచి నాయకులను నియమించిరి. ఒక్కొక్క నాయకునికి కొన్ని గ్రామముల నిచ్చుట, అతడు వాని ఆదాయముతో సైన్యమును పోషించుట, ఇదియే నాయంకరము. ఎంత చక్కని యేర్పాటు! సామాన్యుని బిడ్డకును పైకి వచ్చు దారి తెరచినది. కాని యీ నాయకులందరిని కలిపి యుంచిన ముడి ఓరుగల్లులో ఒక్కచోటనే యుండెను. కప్పముల క్రింద ధనము, ఏనుగులు, గుఱ్ఱములు తరలిపోయి, తుదకు ఆ ముడి తెగినపుడు ఎవరి సీమ వారిదాయెను. 1336 ప్రాంతమున కాపయ నాయకుడు ఓరుగల్లును మరల గైకొనెను. అయినను నాయకులు తమలో తాము పోరాడిరి, 1347లో పడమట బహమనీ రాజ్యము లేచెను. దానియేలు గ్రంథములోని ప్రతిమకు పాదములు కొంత ఇనుము, కొంత మట్టియని మన ప్రార్థనకూటములలో తరచు వినుచుందుము. గర్వముగల రాజ్యములు కూలునని బోధించి అంతటితో విడిచిపెట్టుదుము. చరిత్ర తరగతిలో మాత్రము ఆ పాదముల దగ్గర కూర్చుండి, ఇనుమెంత, మట్టియెంత యని చూడవలెను.

ఉదయమును గూర్చియు మనము తొందరపడుచున్నాము. గణపతిదేవుని గొప్పతనమనగా పిల్లలు యుద్ధముల పట్టిక చెప్పుదురు. 1244-45 నాటి మోటుపల్లి శాసనమును చూచినచో వేరొక సంగతి తెలియును. పూర్వపు రాజులు గాలివానకు తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకంతయు బలాత్కారముగా లాగుకొనెడివారు. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చువారి సొత్తది, నియమితమైన సుంకము తప్ప మేమేమియు తీసికొనము అని గణపతిదేవుడు రాతిమీద వ్రాయించెను. కర్పూరము, గంధము, దంతము, ముత్యములు మున్నగువానికి సుంకమెంతయో కూడ చెక్కించెను. అర్ధశతాబ్దము పిమ్మట వెనిసు వర్తకుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాయుచు, దాని నేలు రాణి న్యాయమును మెచ్చుకొనెను. కత్తి గెలిచిన సీమలు చేజారినను, పరదేశి వర్తకుని నమ్మకము ఆ తీరమున అంతకాలము నిలిచియుండెను.

ఇతర ఖండములకు పోయినను ఆ ఒక్క వాక్యము పనికిరాదు. 1204లో కాన్‌స్టాంటినోపులును కొల్లగొట్టినవారు అన్యమతస్థులు కారు. సిలువ ధరించి బయలుదేరిన క్రైస్తవులే తోటి క్రైస్తవుల దేవాలయములను దోచిరి. 1453లో తురుష్కులు దానిని గైకొనుటకు చాల ముందే దాని వెన్ను విరిగినది. ఈ సంగతిని మన పాఠశాలలో మెల్లగా దాటించుట నాకు సమ్మతము కాదు. కంబోడియాలో అంగకోరు రాజులు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పుగల చెరువును కట్టించిరి. పదునాలుగవ, పదునైదవ శతాబ్దములలో అచ్చట దీర్ఘమైన కరవులును, నడుమ నడుమ అతివృష్టియు కలిగినట్లు చెట్ల మ్రానులలోని వలయములు తెలుపుచున్నవి. నగరమంతయు ఒకే పెద్ద కాలువల అల్లికపై ఆధారపడియుండుటచే, అది చెడగానే తట్టుకొనలేకపోయెను. కాకతీయులనాటి పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు వేర్వేరుగా నుండుటచేతనే కాబోలు, కట్టించినవారి వంశము పోయినను ఇప్పటికిని పొలములకు నీరిచ్చుచున్నవి.

“ఇన్ని సంగతులు వ్రాసిన మార్కులు వచ్చునా, అయ్యవారూ?” అని శామీర్‌పేటనుండి వచ్చిన ఒక తండ్రి నన్నడిగెను. ఆయన భయము న్యాయమైనదే. పరీక్షకు కావలసిన వాక్యములు నేర్పకుండ మానను. అయితే ఇకమీదట మా తరగతిలో పతనమను గడి క్రింద మూడు ప్రశ్నలుండును: ఆ రాజ్యము ఎవరి భుజములపై నిలిచెను? అది పడినపుడు ఎవరు నష్టపోయిరి? పడిన పిమ్మట ఏమి మిగిలెను?

మూడవ ప్రశ్నకు జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. మనకు సమీపమున కీసరగుట్టమీద విష్ణుకుండినుల కాలపు కోటగోడయు, ఇటుక కట్టడములును త్రవ్వకములలో బయల్పడినవి. అచ్చటనే ఒక బండపై “తొలుచువాండ్రు” అని చెక్కబడియున్నది. రాతిని తొలుచు పనివారని దాని యర్థము. తెలంగాణములో దొరికిన మిక్కిలి ప్రాచీనమైన తెలుగు మాటలలో నొకటిగా దానిని పండితులు లెక్కించుచున్నారు. క్రిందటి యేడు పిల్లలను అచ్చటికి తీసికొనిపోయినపుడు వారు గుడిలో కోతులను చూచినంతసేపు ఆ బండను చూడలేదు. తప్పు వారిది కాదు, ముందుగా చెప్పని నాది.

వచ్చు శీతకాలమున మరల పోవుదుము. ఈలోగా మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతపు గ్రామములలో చెరువుకట్టమీద గాని, పాతగుడి వాకిట గాని, పొలము గట్టున గాని అక్షరములున్న రాయి కనబడినచో, తల్లిదండ్రులు దయచేసి దానిపై సున్నము కొట్టనీయక, కొడవళ్లు నూరనీయక, పిల్లలచేత మాకు కబురంపవలయునని కోరుచున్నాను.