చెవులు మూసి, నోరు కూడా మూయించకండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగిన ఇంట్లో, మా అల్ కుసైస్‌లో, రెండో వారానికల్లా ఓ గొడవ మొదలవుతుంది. టీవీ సౌండు. మూడో వారానికి ఎవరో ఒక శ్రేయోభిలాషి సలహా పడేస్తాడు. "టీవీ వెనకాల ఓ చిన్న ట్రాన్స్‌మిటర్ డబ్బా తగిలించి, పెద్దాయనకో వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొనిపెట్టు గురూ, గోల వదిలిపోతుంది."

ఈ సలహాలో డబ్బాతో నాకే పేచీ లేదు. పేచీ అంతా ఆ చివరి రెండు ముక్కలతోనే. గోల ఎవరిది? వదిలిపోయేది ఎవరికి?

ఆఫీసులో రెండు మీటింగుల మధ్య చదివేవాళ్ళ కోసం నా వాదన ముందే చెప్పేస్తాను. ఆ డబ్బా పెద్దవాళ్ళు వినటానికి కొనాలి. మనం వాళ్ళ టీవీని వినకుండా ఉండటానికి కొంటే, కొనే డబ్బా వేరుగా ఉంటుంది, తగిలించే తీరు వేరుగా ఉంటుంది, చివరికి ఇల్లే వేరుగా తయారవుతుంది.

ఈ పేట తెలియనివాళ్ళకి కాస్త పరిచయం. దుబాయ్‌లో, షార్జా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది కుసైస్. 2011లో మెట్రో గ్రీన్ లైన్ వచ్చాక మా బోటి ఉద్యోగస్తులకి ఇంకా అనువైంది. ఇండియన్ కుటుంబాలు ఎక్కువ. ఇళ్ళు ఒకటో రెండో బెడ్రూముల ఫ్లాట్లు. హాల్లోనే సోఫా, హాల్లోనే టీవీ, హాల్లోనే డైనింగ్ టేబుల్, ఆ టేబుల్ మీదే నాలాంటి వాడి ఆఫీసు లాప్‌టాప్. సాయంత్రం అయ్యేసరికి అమెరికా క్లయింటు నిద్రలేస్తాడు. పిల్లలకి పరీక్షలు. పక్క ఫ్లాట్లో నైట్ షిఫ్ట్ వాడు పగలంతా పడుకుంటాడు. కాబట్టి నిశ్శబ్దం కావాలనటం తప్పని నేననను. నాకూ కావాలి.

కానీ పెద్దవాళ్ళ వైపునుంచి కూడా చూడండి. ఊళ్ళో అయితే అరుగుంది, గుడుంది, కూరలబండి వాడితో బేరముంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట కిందకి దిగితే మాడిపోతారు. విజిట్ వీసా మీద వచ్చిన ఆ రెండు నెలలూ వాళ్ళకి అరుగైనా, గుడైనా, ఊరైనా ఆ టీవీయే. అందులో మాట అర్థం కాకపోతే సౌండు పెంచుతారు. పెంచితే మనకి కోపం.

అసలెందుకు పెంచుతారో ఎవరైనా ఆలోచించారా? "నాన్నకి కొంచెం చెవుడు" అనేసి ఊరుకుంటాం. వయసుతో వచ్చే చెవుడు రేడియో గొంతు తగ్గించినట్టు అన్ని శబ్దాల్నీ సమానంగా తగ్గించదు. ముందు పోయేవి పైస్థాయి శబ్దాలు. మన భాషలో అచ్చులు బలంగా, కిందిస్థాయిలో ఉంటాయి, అవి బాగానే వినపడతాయి. స, శ, చ, త లాంటి హల్లుల్ని గుర్తుపట్టించే సన్నటి శబ్దం పైన ఉంటుంది, అది జారిపోతుంది. పాలు, కాలు, చాలు, తాలు అని నాలుగు మాటలు అనండి. చివర్న "ఆలు" అందరికీ వినపడుతుంది. మొదటక్షరం పోతే నాలుగూ ఒకటే. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు పెద్దవాళ్ళు. అది చాదస్తం కాదు, ఉన్నదున్నట్టు చెప్పటం.

దీనికి తోడు ఇప్పటి పల్చటి టీవీలకి స్పీకర్లు కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. కింద టైల్స్, ఎదురుగా ఖాళీ గోడ, శబ్దం కొట్టుకుని తిరిగొస్తుంది. పైన ఏసీ హోరు. సీరియల్లో అత్తగారు నోరు విప్పేలోపే వెనకాల డప్పులు. ఇన్నిటి మధ్య సౌండు పెంచితే హల్లులతో పాటు హోరూ పెరుగుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, లోపలి చెవి దెబ్బతిన్నవాళ్ళకి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు కంటే త్వరగా భరించలేనంత అవుతుంది. "పెంచు" అన్న మనిషే రెండు నిమిషాల్లో "అబ్బా, తగ్గించరా" అంటే మనం నవ్వుతాం. నవ్వాల్సిన విషయం కాదది.

ఇదంతా చూస్తే హెడ్‌ఫోనే సరైన మందని తేలుతుంది. నిజమే. మూడు మీటర్ల దూరం, గోడల ప్రతిధ్వని, ఏసీ హోరు, ఈ మూడిటినీ ఒక్క దెబ్బతో దాటించేది అదే. ట్రాన్స్‌మిటర్ కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. మరి నా బాధేమిటంటారా?

మా బిల్డింగులో ఒక మాస్టారుండేవారు. కొడుకు దగ్గరికి వచ్చారు, రిటైరైన లెక్కల మాస్టారు. లిఫ్టులో కలిసినప్పుడు "కొత్త హెడ్‌ఫోన్ బాగుందా మాస్టారూ?" అనడిగాను. "టీవీ బ్రహ్మాండంగా వినపడుతోంది నాయనా. ఇంట్లోవాళ్ళే వినపడటం మానేశారు" అన్నారు. ఆయనకి హెడ్‌ఫోన్ పెట్టగానే టీవీ స్పీకరు మూగబోయేది. హాల్లో మిగతావాళ్ళకి బొమ్మ మాత్రమే మిగిలేది, వాళ్ళు లేచి ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని లోపలికి పోయేవాళ్ళు. ముందు సౌండు గోలైనా నలుగురూ ఒకచోట కూర్చునేవారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ అయినా. తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతకి అద్దె కట్టింది మాత్రం మాస్టారొక్కరే.

ఇది మనుషుల సమస్య, మిషన్ ఏం చేస్తుందని అనుకోకండి. సగానికి సగం తగిలించటంలోనే ఉంది. అందుకే కొంచెం వైర్ల సంగతి చెప్పనివ్వండి, నా పొట్టకూడు విద్య కూడా అదే కదా.

చాలా టీవీల్లో మామూలు హెడ్‌ఫోన్ కన్నంలో ఏది గుచ్చినా స్పీకరు ఆగిపోతుంది. ట్రాన్స్‌మిటర్‌ని అక్కడ గుచ్చితే మాస్టారి కథే. టీవీలోనే ఉన్న బ్లూటూత్ వాడినా చాలా మోడళ్ళలో అంతే. టీవీ వెనక ఎర్రటి వెలుగు వచ్చే చదరపు కన్నం ఒకటుంటుంది, ఆప్టికల్ అంటారు. అక్కడనుంచి తీసుకుంటే చాలా టీవీల్లో స్పీకరు కూడా మోగుతూనే ఉంటుంది. కొన్నిట్లో మాత్రం సెట్టింగుల్లో రెండూ కలిపి ఎంచుకోవాలి. ఆప్టికల్ తగిలించాక చప్పుడే రాకపోతే డబ్బా పాడయిందని వెనక్కి పంపెయ్యకండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డాల్బీ అని ఉన్నదాన్ని పీసీఎం అని మార్చండి. చిన్న ట్రాన్స్‌మిటర్లకి చాలావాటికి అదే అర్థమవుతుంది.

తర్వాతది ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో బొమ్మకీ మాటకీ మధ్య 150 నుంచి 250 మిల్లీసెకన్ల తేడా రావటం సహజం. శబ్దం గాలిలో సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి, 200 మిల్లీసెకన్లు అంటే టీవీకి దాదాపు 70 మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ 1998లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం, మాట 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి పసిగడతాడు, 185 దాటితే ఒప్పుకోడు. వినికిడి తగ్గినవాళ్ళు తమకి తెలియకుండానే పెదాలు చూసి మాటని పోల్చుకుంటారు. మాట ఆలస్యమైతే ఆ ఆసరా కూడా మనమే లాగేసినట్టు. పైగా చాలా టీవీల్లో ఉండే సవరణ మాటని ఇంకా వెనక్కి నెట్టగలదు గానీ ముందుకి లాగలేదు.

దీనికి విరుగుడు ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ అనే పద్ధతి, సుమారు 40 మిల్లీసెకన్లు. కానీ అది డబ్బాలోనూ ఉండాలి, హెడ్‌ఫోన్‌లోనూ ఉండాలి. ఒకవైపే ఉంటే లేనట్టే, ఇప్పుడొచ్చే హెడ్‌ఫోన్లలో చాలావాటికి అది లేదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే, టీవీ కోసమే బేస్‌తో సహా జతగా అమ్మే రేడియో హెడ్‌ఫోన్లు నయం. ఆలస్యం దాదాపు ఉండదు, బేస్ మీద పెడితే ఛార్జింగు, పెద్దవాళ్ళు జత కలపటాలూ మెనూలూ నేర్చుకోనక్కర్లేదు. అమెరికా నుంచి బావమరిది తెస్తానంటే మాత్రం ఫ్రీక్వెన్సీ అడగండి. అక్కడ 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ ఇలాంటి వాడకానికి వదిలారు, మన వైపు ఆ ఏర్పాటు లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే రెండుచోట్లా పనిచేస్తుంది.

ఇక చెవిని పూర్తిగా మూసేసే రకం కొనకండి. బయటి శబ్దం లోపలికి రానిచ్చే తేలికపాటి రకం కొనండి. మెడలో దండలా వేసుకునే స్పీకర్లు కూడా వస్తున్నాయి, వాటితో చెవులు పూర్తిగా తెరిచే ఉంటాయి. కాలింగ్ బెల్లు వినపడాలి, మనవరాలు పిలిస్తే వినపడాలి, ఊరినుంచి ఫోనొస్తే వినపడాలి.

ఇప్పుడు ఎదురు వాదనలు. నాతో వాదించినవాళ్ళు చెప్పినవే.

"ఆయనకి అలా ఒంటరిగా చూసుకోవటమే ఇష్టమండీ." ఉండొచ్చు. అయితే ఆయన్ని అడిగారా, లేక ఆయన ఏమీ అనకపోవటమే ఇష్టం అనుకున్నారా? కొడుకింటికి చుట్టపుచూపుగా వచ్చిన తండ్రి "నాకిది బాలేదు" అని ఎన్నిసార్లు అంటాడు? కోడలింట్లో అత్తగారు అసలే అనదు.

"మరి రాత్రి పదింటికి పక్క ఫ్లాట్ వాడు తలుపు కొడితే?" న్యాయమైన ప్రశ్న. పది దాటితే స్పీకరు ఆపేయండి. అందరికీ ఆపేయండి. కొడుకు చూసే క్రికెట్‌కీ అదే రూలు, మనవడి టాబ్లెట్‌కీ అదే రూలు. చాలా ట్రాన్స్‌మిటర్లకి ఒకేసారి రెండు హెడ్‌ఫోన్లు కలుస్తాయి, భార్యాభర్తలు చెరొకటి పెట్టుకుని చూడొచ్చు. 2022లో ఆరాకాస్ట్ అని కొత్త బ్లూటూత్ పద్ధతి ప్రకటించారు, ఒకే టీవీ నుంచి ఎంతమందైనా వినొచ్చు. కొన్ని కొత్త టీవీల్లో, హియరింగ్ ఎయిడ్లలో వచ్చింది కూడా. రూలు ఒక్కరికే ఉన్నంత కాలం దాన్ని క్రమశిక్షణ అనరు, శిక్ష అంటారు.

"హెడ్‌ఫోన్ కొన్నాం కదా, ఇంక డాక్టరెందుకు?" ఇది అన్నిటికన్నా ప్రమాదం. హెడ్‌ఫోన్ టీవీకే పనికొస్తుంది. భోజనాల దగ్గర, ఫోన్లో, రోడ్డు దాటేటప్పుడు పనికిరాదు. టీవీ గొడవ సద్దుమణగగానే చెవి పరీక్ష సంగతి ఇంటిల్లిపాదీ మర్చిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్ళలో నూటికి 25 మందికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉంది. డిమెన్షియాకి సంబంధించి మనం తగ్గించుకోగల 14 ముప్పుల్ని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కేస్తే, వాటిలో వినికిడి లోపం ఒకటి. కళ్ళజోడుకి లేని సిగ్గు చెవి మిషన్‌కి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. సెన్‌హైజర్ హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని 2022లో సొంతం చేసుకున్నది ఎవరనుకున్నారు? సోనోవా అనే స్విస్ హియరింగ్ ఎయిడ్ కంపెనీ. వ్యాపారస్తులకి ఆ రెండూ ఒకే చెవి సంగతని ఎప్పుడో అర్థమైంది.

ఇంకోటి, హెడ్‌ఫోన్ సౌండు ఎంతైనా పెంచుకోవచ్చని వదిలెయ్యకండి. అదే సంస్థ పెద్దవాళ్ళకి చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 90కి పోతే వారానికి 4 గంటలే. పగలంతా సీరియళ్ళు చూసే చెవికి 4 గంటలు ఒక్కరోజు పని. మిగిలిన కాస్త వినికిడినీ మనం కొనిచ్చిన బహుమతే తినేస్తుంది.

అయ్యా, అమ్మా, డబ్బా కొనండి. తప్పకుండా కొనండి. తగిలించిన రోజు సాయంత్రం ఒక్క పరీక్ష పెట్టండి. టీవీ నడుస్తుండగా పక్కన కూర్చుని, మామూలు గొంతుతో, "ఇంతకీ ఆ పిల్ల ఎవరి కూతురు నాన్నా?" అని అడగండి. ఆయన టీవీ మీదనుంచి కళ్ళు తిప్పకుండానే కథంతా చెప్పటం మొదలుపెడితే మీ డబ్బా సరిగ్గా తగిలించినట్టు. జవాబు రాకపోతే వైరు మార్చండి, సెట్టింగు మార్చండి, హెడ్‌ఫోన్ మార్చండి. అవన్నీ మార్చినా జవాబు రాకపోతే చెవి డాక్టరుకి చూపించండి. వీసా గడువు అయిపోయేలోపే.