మన బొమ్మలకు మనమే పరీక్షకులం

1889లో ప్రిన్స్ ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేసిన లాల్‌బాగ్ గ్లాస్ హౌస్ ముందు, పుష్పప్రదర్శననాడు బొమ్మలు తీయని తెలుగిల్లు మన బెంగుళూరులో అరుదు. తీయడం సరే; తీసినవాటిని మళ్లీ చూచేవారెందరు?

మేము చెప్పేదొక్కటే. పోయిన ఏటి బొమ్మలనూ ఈ ఏటివాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆనాటి సంతోషం వేరు, బొమ్మ వేరు. ఏడాది గడిస్తే సంతోషం కాస్త పక్కకు తప్పుకొని బొమ్మ కనబడుతుంది. కన్ను ముందు ఎక్కడికి పోతున్నది? అంచున ఎవరి మోచేయి చొరబడింది? వెలుగు ముఖం మీద ఉన్నదా, వీపు మీదనా?

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్’ను దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ అచ్చు తీశాడు. తొలి ప్రతుల్లో తేలికగా ఉన్న ఆకాశం తర్వాతివాటిలో నల్లబడింది. నెగటివు అదే, చూపు మారింది.

పెద్దల తీర్పు కోరేవారికి మన ఊళ్లో 1971లో వెలసిన యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వంటివి ఉన్నవి. కాని తొలి విమర్శ మనదే కావాలి గదా!

ఇంకొక మాట. బాగులేదని వెంటనే చెరిపివేయకండి. పూలు మసకబారిన బొమ్మలో, వెనుక బెంచీ మీద అమ్మమ్మగారి నవ్వు దొరకవచ్చు. వచ్చే ఏడు పూలు మళ్లీ పూస్తాయి. ముందు ఎవరి దగ్గర నిలబడాలో ఆ చెడిన బొమ్మే నేర్పుతుంది.