బయో వాష్ మెత్తదనం, పొందూరు మెత్తదనం

ఈమధ్య ఏ టీషర్టు తిరగేసినా లేబుల్ మీద "బయో వాష్డ్" అని ఉంటోంది. అదేదో ఆయుర్వేదం టైపు అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాదండీ బాబూ, అది సెల్యులేజ్ అనే ఎంజైము చేసే పని.

పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. బట్ట మీద నూగులా లేచే పోగుల్ని ఈ ఎంజైము కొరికేస్తుంది. 50-60 డిగ్రీల వేడి, కాస్త పుల్లటి నీళ్ళు, ఓ గంట రాపిడి... నూగు రాలిపోతుంది. ఆ తర్వాత 80 డిగ్రీలకి మరిగించో, సోడా వేసో దాన్ని చంపాలి. చంపకపోతే నూగేదో నూలేదో దానికి తెలీదు, తింటూనే పోతుంది (లూపులో ఎగ్జిట్ కండిషన్ మర్చిపోతే మనకి జరిగేదే). రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల్ని తినేసిన బూజు నుంచే ఈ సెల్యులేజ్ కథ మొదలైంది మరి! పద్ధతిగా చేసినా బట్ట బలం కొంత తగ్గుతుంది.

ఎంజైములంటే నాకేం పగ లేదు. పడుగుకి పట్టించిన గంజి వదిలించడానికి ఎమిలేజ్ వాడతారు. అది గంజినే తింటుంది, నూలు జోలికి పోదు. ఆసిడ్ కన్నా వెయ్యి రెట్లు నయం.

నా గొడవల్లా ఖాదీతోనే. మా గరివిడిలో రైలెక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. అక్కడ గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చెత్తా, పొట్టి పోగులూ అప్పుడే పోతాయి. అంటే ఎంజైము చివర్లో చేసే పని అక్కడి ఆడవాళ్ళు మొదట్లోనే చేత్తో చేసేస్తున్నారన్నమాట. ఇక వాళ్ళు వడికే 100 కౌంటు నూలు కిలో సాగదీస్తే దాదాపు 170 కిలోమీటర్లు. అంత సన్నటి పోగు మీద సెల్యులేజ్ పోస్తే ఏం మిగుల్తుంది?

"షాపులో ముట్టుకుంటే మెత్తగా ఉండాలి, ఖాదీకీ బయో వాష్ చేయొచ్చుగా" అనే ఫ్రెండ్స్ నాకున్నారు. ముట్టుకోవడమే పరీక్షయితే మిల్లు బట్టే గెలుస్తుంది, ఆ దువ్వినమ్మ కష్టానికి ధర ఎవరిస్తారు? ఖాదీ నాలుగు ఉతుకులకి తనే మెత్తబడుతుంది. ఆ నాలుగు ఉతుకులూ ఓపిక పట్టలేమా?

అన్నట్టు, ఇప్పటి డిటర్జెంట్లలో కొన్నింట్లో సెల్యులేజ్ కూడా కలుపుతున్నారు. పొందూరు పంచె నానబెట్టేముందు ప్యాకెట్ వెనక ఓసారి చూడండి.